ప్రపంచకప్ కూలి రేటు

ఫుట్‌బాల్ టోర్నమెంట్ వల్ల ఎవరికి లాభం అనగానే స్టేడియాల ఖర్చు, టూరిస్టుల లెక్క తీస్తాం. కూలి రేటు ఎవరూ అడగరు.

2022 ప్రపంచకప్ ఖతర్‌కు 2010 డిసెంబర్‌లో దక్కింది. ఎనిమిది స్టేడియాల్లో ఏడు కొత్తగా కట్టినవే. మెట్రో, రోడ్లు, హోటళ్లు సరేసరి. ఆ పనులకు వెళ్లినవాళ్లలో కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెలవాళ్లూ ఉన్నారు. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఊళ్లో మాత్రం 'దుబాయ్ పోయిండు' అనే అంటారు.

కఫాలా పద్ధతిలో యజమాని ఒప్పుకోనిదే వేరే పనికి మారడానికి లేదు. ఇక కూలి బేరమాడేదెలా? ప్రపంచం కళ్లు తనమీద పడ్డాక ఖతర్ 2020లో ఆ నిబంధన తీసేసింది. 2021 మార్చి నుంచి కనీస వేతనం వెయ్యి రియాళ్లు, అప్పటి లెక్కలో సుమారు 20 వేల రూపాయలు. అమలు అంతంతమాత్రమే అనుకున్నా, చట్టమంటూ వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2020 సెప్టెంబర్‌లో, మన కేంద్ర ప్రభుత్వం ఖతర్ సహా కొన్ని గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికులకు తాను సిఫారసు చేసే కనీస వేతనాన్ని 200 డాలర్లకు, అంటే దాదాపు 15 వేలకు, దించేసింది. కరోనాలో ఉద్యోగాలు పోకూడదన్నది కారణం. తెలంగాణ కార్మిక సంఘాలు గొడవ చేసి, విషయం హైకోర్టు దాకా వెళ్లాక, 2021లో వెనక్కి తీసుకుంది.

ఆతిథ్యమిచ్చిన దేశాన్ని తిట్టడం తేలికే. కానీ మన మనిషికి మనం కట్టిన ధర, వాళ్ల చట్టం కట్టినదాని కంటే తక్కువ.