పని లెక్క చూపే పనిముట్లు: ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ చరిత్ర

పదిమంది కలిసి చేసే పనిని ముక్కలుగా విడదీసి, ఎవరి వంతు ఏమిటో పంచి, ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు చూపేదే ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్, ప్రైమవెరా, జీరా, ట్రెల్లో, అసానా, జోహో ప్రాజెక్ట్స్ లాంటి పేర్లు ఆఫీసుల్లో నిత్యం వినబడుతుంటాయి. వీటిలో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు సంస్థలు సాధారణంగా సౌకర్యాల పట్టిక రాసుకుని, ఒక్కోదానికి ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ పోతాయి. ఎక్కువ టిక్కులు పడ్డది గెలుస్తుంది. వీటిలో ప్రతి పద్ధతీ ఒకానొక పనిచోట, అక్కడి ఇబ్బంది తీర్చడానికి పుట్టిందనే సంగతి ఆ పట్టికలో కనబడదు. ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో ఆ ప్రశ్నకే అది బాగా జవాబిస్తుంది. అందుకే వీటి విలువ కట్టాలంటే ముందు వీటి పుట్టుక తెలియాలి.

కాగితం మీది గీతలు

ఈ కథ కంప్యూటర్ కంటే పాతది. పోలండ్ ఇంజనీరు కరోల్ ఆడమియెత్స్కీ 1896లో ‘హార్మోనోగ్రామ్’ అనే చిత్రపటం తయారుచేశాడు. ఒక యంత్రం పని ముగిసేదాకా మరో యంత్రం ఖాళీగా నిలబడుతూ కాలం వృథా కావడం ఆయన ఉక్కు రోలింగ్ మిల్లుల్లో గమనించాడు. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, ఏది దేనిమీద ఆధారపడుతుందో ఆ పటం చూపేది. అయితే ఆయన రచనలు పోలిష్, రష్యన్ భాషల్లోనే ఉండటంతో పశ్చిమ దేశాలకు చాలాకాలం తెలియలేదు.

పేరు మాత్రం అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్‌కు దక్కింది. ఫ్రెడరిక్ టేలర్ దగ్గర పనిచేసిన గాంట్, 1910 దశకంలో అడ్డగీతల పట్టీలతో చార్టులు గీసి ఫ్యాక్టరీల్లో ప్రవేశపెట్టాడు. అనుకున్న పని ఎంత, జరిగిన పని ఎంత అనేది ఒకే గీత మీద కనబడేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధాల తయారీకి, ఓడల నిర్మాణానికి అమెరికా ఈ చార్టులను వాడింది. గాంట్ 1919లో మరణించాడు. 1922లో వాలెస్ క్లార్క్ రాసిన పుస్తకం ఈ పద్ధతిని ఇతర దేశాలకు చేరవేసింది. నేటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో కనిపించే ‘టైమ్‌లైన్’ ఈ చార్టు సంతతే.

గాంట్ చార్టు చదవడం తేలిక, దాని బలం అదే. లోపమూ ఆ తేలికలోనే ఉంది. పనులు వందలు దాటితే ఒక పని ఆలస్యం ఎన్ని పనులను వెనక్కి నెడుతుందో గీతలు చూసి చెప్పలేరు. ఒక్క తేదీ మారినా చార్టంతా మళ్లీ గీయాలి.

పనుల వల, కంప్యూటర్ లెక్క

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం 1950 దశకం చివర్లో రెండుచోట్ల, దాదాపు ఒకేసారి జరిగింది. డ్యూపాంట్ రసాయన సంస్థకు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ కలిసి 1957లో యూనివాక్ కంప్యూటర్ మీద క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించారు. పనులను ఒకదానితో ఒకటి ముడివేసి వలగా గీస్తే, మొదటి నుంచి చివరి వరకు అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టే దారి ఒకటి తేలుతుంది. ప్రాజెక్టు ముగిసే తేదీని నిర్ణయించేది ఆ దారే.

ఇంటి నిర్మాణంలో ఇది స్పష్టంగా కనబడుతుంది. పునాది, గోడలు, సెంట్రింగ్, స్లాబు, క్యూరింగ్ ఒకదాని వెనుక ఒకటి నడవాలి. వీటిలో ఏది ఒక్కరోజు ఆగినా గృహప్రవేశం ఒకరోజు వెనక్కి పోతుంది. ఈలోగా వడ్రంగి వేరేచోట తలుపులు చేస్తుంటాడు. ఆయన వారం ఆలస్యం చేసినా, బిగించే సమయానికి తలుపులు అందితే నష్టం లేదు. ఏ ఆలస్యానికి కంగారుపడాలో, ఏ ఆలస్యాన్ని ఓర్చుకోవచ్చో లెక్కగట్టి చెప్పడమే ఈ పద్ధతి చేసిన మేలు. డ్యూపాంట్ సంస్థ లూయివిల్ ఫ్యాక్టరీలో మరమ్మతుల కోసం ఉత్పత్తి ఆపే షట్‌డౌన్‌కు దీన్ని వాడినప్పుడు, సగటున 125 గంటలు పట్టే పని 93 గంటలకు తగ్గింది.

రెండోది అమెరికా నౌకాదళంలో పుట్టింది. జలాంతర్గామి నుంచి ప్రయోగించే పొలారిస్ క్షిపణి కోసం 1958లో నౌకాదళ ప్రత్యేక ప్రాజెక్టుల కార్యాలయం, బూజ్ అలెన్ హామిల్టన్, లాక్‌హీడ్ సంస్థలు కలిసి ‘పెర్ట్’ పద్ధతిని తయారుచేశాయి. మరమ్మతు పనికి ఎంతసేపు పడుతుందో అనుభవం చెబుతుంది. ఎన్నడూ చేయని క్షిపణికి అలా చెప్పేవారెవరూ లేరు. అందుకే పెర్ట్ ప్రతి పనికీ మూడు అంచనాలు అడిగింది: అంతా కలిసొస్తే పట్టే కాలం, మామూలుగా పట్టే కాలం, అన్నీ ఎదురుతిరిగితే పట్టే కాలం. మధ్య అంచనాను నాలుగింతలు చేసి, మిగతా రెండిటినీ కలిపి, ఆరుతో భాగిస్తే వచ్చేది ఆశించదగిన వ్యవధి.

1960 జులై 20న జార్జ్ వాషింగ్టన్ జలాంతర్గామి నీటి అడుగు నుంచి పొలారిస్‌ను విజయవంతంగా ప్రయోగించింది. దాంతో పెర్ట్ పేరు మార్మోగింది. అయితే హార్వీ సపోల్స్కీ 1972లో వెలువరించిన పరిశోధన గ్రంథం మరో కోణం చూపింది. పొలారిస్ విజయంలో పెర్ట్ వాటా ప్రచారమైనంత లేదని, బయటివారి జోక్యాన్ని ఆపే డాలుగా అది ఎక్కువ ఉపయోగపడిందని ఆయన తేల్చాడు. గోడల నిండా చార్టులు, కంప్యూటర్ నివేదికలు చూసిన వారికి నిర్వహణ పటిష్ఠంగా ఉందన్న నమ్మకం కుదిరింది. పనిముట్టు ఉన్నంత మాత్రాన పని దాని ప్రకారం నడుస్తున్నట్టు కాదన్న సంగతి అప్పుడే రుజువైంది.

స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ ఫాండల్ 1961లో వేరే దారి పట్టాడు. కంప్యూటర్ కొనే స్తోమత లేని కట్టడాల కాంట్రాక్టర్ల కోసం చేతితో లెక్కవేసుకునే క్రిటికల్ పాత్ పద్ధతి ప్రకటించాడు. పనిని పెట్టెలో రాసి, పెట్టెల మధ్య బాణాలు గీసే నేటి రూపానికి ఆయన కృషి ఆధారమైంది.

డెస్క్ మీదికి

1977లో బ్రిటన్‌లో వచ్చిన ఆర్టెమిస్ సాఫ్ట్‌వేర్, పెద్ద కంప్యూటర్ అక్కర్లేకుండా, అంతకంటే చవకైన మినీకంప్యూటర్ మీద నడిచేది. పర్సనల్ కంప్యూటర్లు వచ్చాక ఖర్చు మరింత తగ్గింది. అమెరికాలో 1983లో ప్రైమవెరా సంస్థ మొదలైంది. భారీ నిర్మాణాలు, విద్యుత్ కేంద్రాలు, రిఫైనరీల రంగంలో అది స్థిరపడింది. ఒరాకిల్ 2008లో దాన్ని కొనేసింది. 1984లో డాస్ మీద వచ్చిన మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్, 1990లో విండోస్ మీదికి మారి, మామూలు ఆఫీసుల్లోకీ గాంట్ చార్టును తెచ్చింది.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ప్లానర్ ఒక్కరు కూర్చుని ప్రణాళిక నింపుతారు, మిగతావారు దాని ప్రింటవుట్ చూస్తారు. వంతెన కట్టేచోట ఇది సరిపోయింది, ఎందుకంటే అక్కడ పనుల వరుస ముందే తెలుసు. సాఫ్ట్‌వేర్ రాసే చోట సరిపోలేదు. ఐబీఎం వారి ఓఎస్/360 ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో రాసిన పుస్తకంలో, వెనుకబడిన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కొత్తవారిని చేర్చితే అది ఇంకా వెనుకబడుతుందని హెచ్చరించాడు. కొత్తవారికి పని నేర్పడానికి, ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోవడానికి పట్టే కాలాన్ని చార్టు లెక్కలోకి తీసుకోదు.

టికెట్లు, కార్డులు

సాఫ్ట్‌వేర్ జట్లు తమకు కావలసిన పనిముట్టును వేరే దిక్కున వెతుక్కున్నాయి. 1998లో మొజిల్లా ప్రాజెక్టు తెచ్చిన బగ్జిల్లా ప్రతి లోపానికీ ఒక నంబరు, ఒక బాధ్యుడు, ఒక స్థితి కేటాయించేది. అలాంటి నమోదునే ‘టికెట్’ అంటారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు సమావేశమై ‘ఎజైల్’ ప్రకటన వెలువరించారు. ప్రణాళికను అంటిపెట్టుకోవడం కంటే మార్పుకు తగ్గట్టు నడవడం, పనిముట్ల కంటే మనుషుల మధ్య మాట ముఖ్యమని దాని సారాంశం. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా సంస్థ అట్లాసియన్ జీరాను విడుదల చేసింది. బగ్గుల నమోదుకు మొదలైన జీరా క్రమంగా ఎజైల్ జట్ల ప్రధాన పనిముట్టయింది. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో రోజు టికెట్ల చుట్టూ తిరగడం ఈ పరిణామ ఫలితమే.

కార్డుల పద్ధతి మాత్రం జపాన్ కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టొయోటాలో తాయిచి ఓనో ‘కాన్‌బాన్’ కార్డులు ప్రవేశపెట్టాడు. తర్వాతి దశవారు విడిభాగాలు వాడుకున్నాక కార్డు వెనక్కి వస్తుంది, అది వచ్చాకే కొత్తవి తయారుచేయాలి. మధ్యలో సరుకు గుట్టలు పడకుండా ఆపడం దాని ఉద్దేశం.

ఈ సూత్రం సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన తొలి సందర్భాల్లో ఒకటి హైదరాబాద్‌కు చెందినది. 2004లో మైక్రోసాఫ్ట్ అంతర్గత ఐటీ విభాగానికి సవరణ పనులు చేసే ఒక చిన్న జట్టు ఇక్కడ ఉండేది. ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు. ఎనభైకి పైగా అభ్యర్థనలు పేరుకుపోయి, ఒక్కొక్కటి తీరడానికి దాదాపు ఐదు నెలలు పట్టేది. జట్టు వ్యవహారాలు చూసే డ్రాగోస్ డుమిట్రియు, మైక్రోసాఫ్ట్‌లోనే పనిచేసే డేవిడ్ ఆండర్సన్ కలిసి పరిశీలిస్తే అసలు సంగతి బయటపడింది. వచ్చిన ప్రతి అభ్యర్థనకూ ముందుగా అంచనా కట్టివ్వాలన్న నియమం జట్టు సమయంలో మూడో వంతు మింగేస్తోంది. అంచనా కట్టిన పనుల్లో చాలావాటిని తర్వాత ఎవరూ చేయించుకోలేదు. అంచనాలు ఆపేశారు. చేతిలో ఉండే పనుల సంఖ్యకు పరిమితి పెట్టి, ఖాళీ ఏర్పడినప్పుడే కొత్త పని తీసుకున్నారు. 2005 చివరికల్లా పాత బకాయి తీరింది, ఒక్కో పనికి పట్టే కాలం రెండు వారాల స్థాయికి దిగింది. తర్వాత సిబ్బంది స్వల్పంగా పెరిగినా, మలుపు తిప్పింది మాత్రం నియమాల్లో మార్పే. ఆండర్సన్ దీన్ని 2010లో పుస్తకంగా రాశాక, పనులను కార్డులుగా, దశలను నిలువు వరుసలుగా చూపే కాన్‌బాన్ బోర్డు ప్రపంచమంతా పాకింది. మరుసటి ఏడాది వచ్చిన ట్రెల్లో అదే బోర్డును ఎవరైనా వాడగలిగేంత సులువు చేసింది. అట్లాసియన్ 2017లో దాన్ని 42.5 కోట్ల డాలర్లకు కొన్నది.

అద్దె సాఫ్ట్‌వేర్ కాలం

2004లో షికాగోలో వచ్చిన బేస్‌క్యాంప్ బ్రౌజర్‌లోనే తెరుచుకునేది. చేయాల్సిన పనుల జాబితా, సందేశాలు, ఫైళ్లు ఒకేచోట పెట్టి, క్లయింటుతో మాటను ప్రాజెక్టుకు కేంద్రం చేసింది. 2006లో చెన్నై నుంచి జోహో ప్రాజెక్ట్స్, ఓపెన్ సోర్స్‌గా రెడ్‌మైన్ వచ్చాయి. ఫేస్‌బుక్ సహవ్యవస్థాపకుడు డస్టిన్ మాస్కోవిట్జ్, జస్టిన్ రోసెన్‌స్టైన్ 2008లో అసానా సంస్థ స్థాపించారు. ఒకసారి కొని వాడుకునే వస్తువు, నెలకు తలకింత చొప్పున కట్టే అద్దెగా మారింది. సంస్థ సమాచారం వేరేవారి సర్వర్లకు చేరింది. అట్లాసియన్ తన ‘సర్వర్’ ఉత్పత్తులకు 2024 ఫిబ్రవరి 15తో మద్దతు ఆపేసినప్పుడు, సొంత యంత్రాల మీద జీరా నడుపుకునే సంస్థలు వేరే ఏర్పాటు చూసుకోవలసి వచ్చింది.

ఎంపికకు కొలతలు

ఈ చరిత్రలోంచే విలువ కట్టే కొలతలు తేలుతాయి. మొదటిది పని స్వభావం. పనుల వరుస ముందే తెలిసి, ఒకటి ఆగితే మరొకటి ఆగే నిర్మాణాలకు క్రిటికల్ పాత్ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. రోజూ కొత్త ఫిర్యాదులు వచ్చే సపోర్ట్ జట్టుకు బోర్డు, దానిమీద పరిమితి ఉండాలి. నలుగురే ఉండి క్లయింట్లతో నడిచే డిజైన్ ఆఫీసుకు జాబితా, సంభాషణ ఒకచోట ఉంటే చాలు.

రెండోది నింపే శ్రమ. ప్లానర్ ఒక్కరే నింపే సాఫ్ట్‌వేర్‌ను జట్టంతా నింపాలన్నా, అందరూ నింపాల్సినదాన్ని మేనేజర్ ఒక్కరికే అప్పగించినా రెండు నెలల్లో అది పాతబడిపోతుంది. మూడోది నిజం. ఆలస్యం రాసినవారికి చీవాట్లు పడే చోట బోర్డంతా పచ్చగానే ఉంటుంది, పని మాత్రం కదలదు. పొలారిస్ చార్టుల పాఠం ఇదే.

నాలుగోది పరీక్ష. అమ్మేవారు చూపే నమూనా ప్రాజెక్టును నమ్మకుండా, ఒక జట్టు తన అసలు పనిని కొన్ని వారాలు అందులో నడిపి చూడాలి. అభ్యర్థన వచ్చినప్పటి నుంచి పని ముగిసేదాకా పట్టిన కాలాన్ని ముందూ తర్వాతా పోల్చాలి. జట్టు మళ్లీ ఎక్సెల్‌కో, వాట్సాప్ గ్రూపుకో మళ్లుతుంటే ఎక్కడ అడ్డం తగిలిందో అడిగి తెలుసుకోవాలి. ఐదోది పూర్తి ఖర్చు. తలకు కట్టే అద్దెతోపాటు శిక్షణ, అమరికలు చూసే ఉద్యోగి సమయం, పాత సమాచారం తరలింపు కూడా లెక్కలోకి రావాలి. ఆరోది నిష్క్రమణ. పనుల చరిత్ర, వ్యాఖ్యలు, జతచేసిన ఫైళ్లు అన్నిటినీ మరోచోట తెరవగల రూపంలో బయటికి తీసుకునే వీలు ఒప్పందానికి ముందే పరీక్షించాలి.

కొలతల్లో వరుస కూడా ముఖ్యమే. హైదరాబాద్ జట్టు ముందు తన పని ఎక్కడ ఆగుతోందో కనుక్కుంది, నియమం మార్చుకుంది. ఆగుతున్న చోటు తెలిసిన జట్టుకు ఏ సాఫ్ట్‌వేర్ పనికొస్తుందో తేల్చుకోవడం కష్టం కాదు. ఆ సంగతి తెలియకుండా కొంటే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఉన్న జాప్యాన్ని నమోదు చేసిపెట్టే పుస్తకంగా మిగిలిపోతుంది.