ఆర్నాల్డ్ ఎయిర్ సొసైటీ

ఆర్నాల్డ్ ఎయిర్ సొసైటీ అమెరికా సంయుక్త రాష్ట్రాల కళాశాలలలో వైమానిక దళ అధికారులుగా శిక్షణ పొందుతున్న విద్యార్థుల గౌరవ, సేవా సంఘం. ఇది 1947లో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ప్రారంభమైనది. అమెరికా వైమానిక దళం సైన్యం నుండి విడివడి స్వతంత్ర దళమైనది కూడా ఆ సంవత్సరమే. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ దేశపు వైమానిక బలగాలకు నాయకత్వం వహించిన జనరల్ హెన్రీ ఆర్నాల్డ్ పేరు దీనికి పెట్టారు. ఈయన 1911లో రైట్ సోదరుల వద్ద విమానం నడపడం నేర్చుకున్నాడు.

సభ్యులలో అత్యధికులు వైమానిక దళపు ఆర్.ఓ.టి.సి. విద్యార్థులు. ఆర్.ఓ.టి.సి.ని మన ఎన్.సి.సి.తో పోల్చడం పరిపాటే గాని, ఆ పోలిక కొంతవరకే సరిపోతుంది. ఎన్.సి.సి.లో చేరినవారు సైన్యంలో పనిచేయవలసిన నిర్బంధం లేదు, ఆర్.ఓ.టి.సి. శిక్షణ పూర్తిచేసినవారు పట్టభద్రులు కాగానే అధికారులుగా కొలువులో చేరుతారు. సైనిక శిక్షణ తీసుకోని విద్యార్థులకు సిల్వర్ వింగ్స్ అనే అనుబంధ సంస్థ ఉన్నది. ఇది 1952లో ఏంజెల్ ఫ్లైట్ పేరుతో మహిళల సంస్థగా మొదలైనది.

శాఖలను స్క్వాడ్రన్లు అంటారు. స్థానిక సమాజసేవతో పాటు, యుద్ధఖైదీలనూ యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయినవారినీ స్మరిస్తూ అనేక స్క్వాడ్రన్లు జాగరణ నిర్వహిస్తాయి. విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు కాపలా నిలబడతారు. వియత్నాం యుద్ధంలో గల్లంతైన అమెరికన్లలో 1,500 మందికి పైగా జాడ 2024 నాటికి కూడా తేలలేదు.