వైద్యునికీ రోగికీ మధ్య మూడో మనిషి

1977లో కాలిఫోర్నియాలో ఒక స్త్రీకి కాళ్ళకు రక్తం పోయే నాళాలకు శస్త్రచికిత్స జరిగింది. ఆమెను ఇంకా 8 రోజులు ఆస్పత్రిలో వుంచాలని డాక్టరు కోరాడు. ఖర్చు భరించేది బీదల కోసం ఏర్పడిన ప్రభుత్వ పథకం. ఆ పథకం సలహాదారు రోగిని చూడకుండానే 4 రోజులు చాలునన్నాడు. ఆమె ఇల్లు చేరింది. కొన్నాళ్ళకు కాలు తీసేయవలసి వచ్చింది. నింద ఎవరిది? 1986లో అప్పీలు కోర్టు, జూరీ యిప్పించిన పరిహారాన్ని కొట్టివేస్తూ, యింటికి పంపింది డాక్టరే గనుక, గట్టిగా అభ్యంతరం చెప్పకపోయిన తప్పు అతనిదేనన్నది.

ఈ తనిఖీకి మొదలు 1965 నాటి మెడికేర్ చట్టం. అప్పుడు అది ఆస్పత్రిలోని వైద్యుల సంఘం పని. అనవసరపు ఆపరేషన్లూ, అనవసరపు పడకలూ లేకపోలేదు. ఆ మాట దాచనక్కరలేదు. కాని ఖర్చు పెరిగేకొద్దీ యజమానులూ, భీమా కంపెనీలూ యీ పనిని లాభానికి చేసే ప్రైవేటు ఏజెంట్ల చేతిలో పెట్టారు. టెలిఫోను దగ్గర ఒక నర్సు, ఆమె ముందు ఒక నియమావళి. ఆ నియమావళిలో ఏమున్నదో చికిత్స చేసే డాక్టరుకే తెలియదు!

డాక్టర్లు గోల పెట్టారు (వారి గోలలో ఆదాయపు బాధా కొంత వున్నది). 1980ల చివర మేరీలాండూ, 1991లో టెక్సాసూ, రాష్ట్రం యిచ్చే ధ్రువపత్రం లేనిదే యిట్టి ఏజెంటు పనిచేయరాదన్నాయి. తనిఖీదారుకు అర్హత వుండాలి, ఫోనెత్తాలి, రోగి రహస్యం కాపాడాలి, నిరాకరిస్తే అప్పీలుకు దారి చూపాలి. మంచిదే. అయితే రాష్ట్రం పరీక్షించింది ఏజెంటు కార్యాలయాన్ని. అతని నిర్ణయం వల్ల మనిషికి జరిగే నష్టానికి బాధ్యత ఎవరిదో ఆ పత్రం చెప్పదు. పైగా 1990లో పుట్టిన యురాక్ అనే ప్రైవేటు సంస్థ గుర్తింపునే చాలా రాష్ట్రాలు ప్రమాణంగా అంగీకరించాయి.

అసలు చిక్కు మరోచోట వున్నది. 1974లో కార్మికుల పింఛన్ల రక్షణకని వచ్చిన ఫెడరల్ చట్టం, యజమాని యిచ్చే వైద్య పథకాలను కూడా తన గొడుగు కిందికి తెచ్చుకున్నది. 1989లో ఒక గర్భిణికి ఏజెంటు ఆస్పత్రి వాసం నిరాకరించి, రోజుకు 10 గంటల నర్సును యింటికి పంపాడు. నర్సు లేని వేళ కడుపులోని బిడ్డ పోయిందన్న కేసులో, ఏజెంటు చేసింది వైద్య నిర్ణయమేనని కోర్టు ఒప్పుకున్నది. అయినా ఆ ఫెడరల్ చట్టం వుండగా రాష్ట్ర చట్టం కింద దావా చెల్లదన్నది. టెక్సాసు 1997లో ఆ తలుపు తెరవబోయింది. 2004లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా మూసింది. ఆ కేసులో ఒకామెకు శస్త్రచికిత్స తర్వాత ఆస్పత్రిలో మరికొంత కాలం కావాలని డాక్టరు అన్నాడు. కంపెనీ నర్సు ఒక రోజు చాలునన్నది.