కదలని నక్షత్రం కోసం

శాన్ హోసే దాటిన కాసేపటికే కారు మెలికలు తిరగడం మొదలుపెడుతుంది. ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి. 1876లో వేసిన దారి ఇది. బరువులు లాగే గుర్రాలకు ఆయాసం రాకూడదని కొండను చుట్టి చుట్టి, వాలు తగ్గించి వేశారు. కిటికీ దించండి. 2005, మే నెల సాయంత్రం. ఓక్ చెట్ల కింద గడ్డి ఎండి బంగారు రంగుకు తిరిగింది. చివరి మలుపు తిరగగానే కొండ నెత్తిన తెల్లటి గుమ్మటాలు. మౌంట్ హామిల్టన్. సముద్రమట్టానికి 1,283 మీటర్ల ఎత్తులో లిక్ వేధశాల.

1999 నుంచి 2011 దాకా ఒకే పని మీద ఇక్కడ చాలా రాత్రులు గడిచాయి. వాటిలో ఒక రాత్రికి మిమ్మల్ని తీసుకొచ్చాను.

దిగి ఒక్క నిమిషం వెనక్కి చూడండి. పొద్దుగుంకింది. కింద లోయంతా పసుపుపచ్చ దీపాలు. వేధశాల కోసమే శాన్ హోసే నగరం తన వీధుల్లో తక్కువ పీడనపు సోడియం దీపాలు పెట్టుకుంది. వాటి వెలుగు దాదాపు ఒకే రంగులో ఉంటుంది, కాబట్టి ఆ ఒక్క రంగునీ వదిలేస్తే మిగతా ఆకాశం ఖగోళ శాస్త్రవేత్తలకు దక్కుతుంది. ఆ దీపాల కింద మనవాళ్ళ ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఈ వేళకు పోపు వాసన వస్తూ ఉంటుంది. వారిలో ఎంతమంది ఎప్పుడైనా ఈ కొండెక్కి చూశారో!

లోపలికి రండి. తల పైకెత్తితే మూడు మీటర్ల అద్దమున్న షేన్ దూరదర్శిని, ఇనుప తొట్టిలో పడుకున్న ఏనుగులా ఉంది. మన పని దానితో కాదు. అదే భవనం దక్షిణపు గోడ దగ్గర ఒక చిన్న దూరదర్శిని ఉంది. దాని అద్దం అడ్డంగా 60 సెంటీమీటర్లు, అంతే. అది కదలదు. దాని ముందున్న చదునైన మరో అద్దం తిరుగుతూ, కావలసిన నక్షత్రపు వెలుగును పట్టి లోపలికి పంపుతుంది. అక్కణ్ణించి ఆ వెలుగు నేలమాళిగలోని హామిల్టన్ స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి దిగుతుంది. పెద్ద దూరదర్శిని కింద, చీకటిలో, ఎవరూ అడుగుపెట్టని గదిలో ఆ వెలుగు విడిపోయి వర్ణపటమవుతుంది.

మానిటర్ల గదిలో కూర్చోండి. ఇవాళ మొదటి నక్షత్రం పునర్వసు. పడమట ఇంకా ఎత్తుగానే ఉంది. మన పంచాంగంలో పునర్వసు అంటే రెండు చుక్కల జంట. ఆ రెంటిలో ప్రకాశవంతమైనదాన్ని పశ్చిమ దేశాలవాళ్ళు పోలక్స్ అంటారు. 34 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న జెయింట్ నక్షత్రం అది. కడుపులోని హైడ్రోజన్ అయిపోయి, ఉబ్బి, పైన చల్లబడి, నారింజ ఛాయకు తిరిగిన ముసలి నక్షత్రం. తెర మీద సన్నటి చీలిక, దాని మీద వణుకుతున్న వెలుగు చుక్క. చీలిక ముందుకు ఒక గాజు గొట్టం జరిగి నిలబడింది. అందులో ఊదారంగు ఆవిరి. అయోడిన్. దెబ్బ తగిలితే ఇంట్లో దూదితో అద్దే ఆ అయోడినే. గొట్టాన్ని వేడిగా ఉంచుతారు, లోపలిదంతా ఆవిరిగానే ఉండాలని.

ఎందుకీ ఆవిరి? మనవడి రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పే తాతను గుర్తు తెచ్చుకోండి. పిల్లవాడు పెద్ద సున్నా చుడతాడు. తాత కూడా నిలబడ్డ చోటనే నిలబడలేడు, వెనక్కి వాలుతూ, పాదాలతో ఓ చిన్న సున్నా చుడుతూనే ఉంటాడు. చీకట్లో పిల్లవాడు కనిపించకపోయినా తాత అడుగులు చూసి పిల్లవాడి బరువు చెప్పొచ్చు. గ్రహం పిల్లవాడు, నక్షత్రం తాత. నక్షత్రం మన వైపు వచ్చినప్పుడు దాని వర్ణపటంలోని నల్లటి గీతలు నీలం వైపు, వెనక్కి పోయినప్పుడు ఎరుపు వైపు జరుగుతాయి. ఆ జరుగుడును బట్టి తేలే వేగమే రేడియల్ వెలాసిటీ. ఇక్కడ కొలవగలిగింది సెకనుకు 5 నుంచి 8 మీటర్లు. 5 మీటర్లంటే తీరిగ్గా సైకిల్ తొక్కేవాడి వేగం. దానికి గీత జరిగేది తన తరంగదైర్ఘ్యంలో ఆరు కోట్లలో ఒక వంతు. రాత్రి చలికి పరికరమే అంతకన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకని నక్షత్రపు వెలుగు అయోడిన్ గుండా పోతుంది. ఆవిరి తన వేలాది సన్నటి గీతలను ఆ వెలుగు మీదే అచ్చేస్తుంది. పరికరం ఎంత వంగినా స్కేలూ, కొలిచే వస్తువూ కలిసే వంగుతాయి. ఇంత నిజాయితీ గల కొలబద్ద మరోటి నాకు తెలియదు.

షట్టర్ మూసుకుంది. అంకెలు వచ్చాయి. వాటి నుంచి ముందు మన కదలికను తీసెయ్యాలి. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోంది, ఈ కొండా, ఈ కుర్చీలో మీరూ దానితోపాటే. అదంతా తీసేశాక పునర్వసుకు మిగిలేది సెకనుకు సుమారు 46 మీటర్ల ఊపు. ముందుకు, వెనక్కి, దాదాపు 590 రోజులకు ఒక చుట్టు. ఈ ఊపు ఉందని 1993లోనే ఆర్టీ హాట్జెస్, విలియం కాక్రన్ రాశారు. రోహిణి, స్వాతి నక్షత్రాలకూ ఇలాంటిదే ఉందన్నారు. అది పిల్లవాడి లాగుడా, తాత ఆయాసమా? ఈ రాత్రికి ఎవరూ తేల్చి చెప్పలేరు.

తర్వాతి నక్షత్రం, ఆ తర్వాతిది. జాబితాలో 373 ఉన్నాయి, అన్నీ జెయింట్లే. నిజానికి ఈ జాబితా గ్రహాల కోసం పుట్టలేదు. నక్షత్రాల స్థానాలను అతి సూక్ష్మంగా కొలిచే స్పేస్ ఇంటర్‌ఫెరోమెట్రీ మిషన్ అనే అంతరిక్ష నౌకను నాసా తలపెట్టింది. దానికి ఆకాశమంతటా సరిహద్దు రాళ్ళలాంటి నక్షత్రాలు కావాలి, అవి అటూ ఇటూ ఊగకూడదు. దూరంలో ఉండి కూడా ప్రకాశంగా కనబడేవి ఈ జెయింట్లే కదా అని సబీన్ రెఫర్ట్ (అప్పటి పేరు ఫ్రింక్), ఆండ్రియాస్ క్విరెన్‌బాక్, సహచరులు వాటిని ఏరి, కదలని వాటి కోసం ఈ చిన్న దూరదర్శినితో వెతకడం మొదలుపెట్టారు. ఆ నౌక ఎగరలేదు, 2010లో రద్దయింది. సరిహద్దు రాళ్ళ కోసం వెతికినవాళ్ళ చేతికి కొత్త లోకాలు దొరికాయి.

అర్ధరాత్రి. ఇప్పుడు తెర మీదున్నది అయోటా డ్రాకోనిస్. పాములా మెలికలు తిరిగిన డ్రాకో రాశిలో, సుమారు 100 కాంతి సంవత్సరాల అవతల, సూర్యుడికి 12 రెట్ల వ్యాసంతో ఉంది. ఒక జెయింట్ చుట్టూ గ్రహం ఉందని మొట్టమొదట ప్రకటించింది దీని గురించే, 2002లో, ఈ గదిలో పోగైన అంకెలతోనే. దీని వేగపు రేఖను కాగితం మీద చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నెలల తరబడి నిద్రపోతున్నట్టు మెల్లగా సాగి, ఉన్నట్టుండి సెకనుకు వందల మీటర్లు ఉరికి, మళ్ళీ వెనక్కి పడుతుంది. ఆ గ్రహం కక్ష్య బాగా సాగిన కోడిగుడ్డు. దగ్గరికొచ్చినప్పుడు సూర్యుడికి బుధుడు ఉన్నంత దూరంలో ఉండి, దూరం పోయినప్పుడు కుజుణ్ణి దాటిపోయే పాటి కక్ష్య. 511 రోజులకు ఒక చుట్టు. ఏ నక్షత్రమూ ఊపిరి పీల్చి వదలడంలో అలాంటి రేఖ గీయలేదు, అందుకే ఇది నిలబడింది. తర్వాత దీనికి హైపేషియా అని పేరు పెట్టారు. 2021లో వచ్చిన కొలతలు దీని బరువు గురుగ్రహానికి 16 రెట్లని తేల్చాయి. అంత బరువుంటే గ్రహమనాలో, నక్షత్రం కాలేకపోయిన బ్రౌన్ డ్వార్ఫ్ అనాలో తేలని సరిహద్దు. రేడియల్ వెలాసిటీ ఒక్కదానితో చెప్పగలిగేది కనీస బరువే. కక్ష్య మన వైపు ఎంత వాలి ఉందో తెలిసేదాకా అసలు బరువు దాగే ఉంటుంది.

ఈ ముసలివాళ్ళ వెంట ఎందుకు పడాలి అంటారేమో. సూర్యుడి కంటే బరువైన నక్షత్రాలు యవ్వనంలో మహా వేడిగా, మహా వేగంగా తిరుగుతుంటాయి. వాటి వర్ణపటంలో గీతలు తక్కువ, ఉన్నవీ అలుక్కుపోయి ఉంటాయి, కొలవడానికి పట్టు దొరకదు. వయసు మీదపడి ఉబ్బి నెమ్మదిస్తే గీతలు సన్నగా, దట్టంగా తేలతాయి. బరువైన నక్షత్రాలకు గ్రహాలున్నాయా అని అడగాలంటే ముసలితనంలోనే అడగాలి. ఈ 373 నక్షత్రాలు 2015లో చెప్పిన జవాబు ఇది: పెద్ద గ్రహాలు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది సూర్యుడికి 1.9 రెట్ల బరువున్న నక్షత్రాల దగ్గర. రెండున్నర, మూడు రెట్లు దాటితే దాదాపు కనిపించవు.

జెయింట్ల వర్ణపటం అనగానే మన హైదరాబాద్ గుర్తుకు రావాలి. నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి చేతి కింద పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వైణు బప్పు, ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఒక సంగతి ప్రచురించారు. ఇలాంటి చల్లటి నక్షత్రాల కాల్షియం గీత నడుమ ఓ సన్నటి వెలుగు ఉంటుంది, దాని వెడల్పు చూస్తే ఆ నక్షత్రపు అసలు ప్రకాశం తెలుస్తుంది. ఆ కాల్షియం గీతనే ఇప్పుడు సాక్షిగా పిలుస్తారు. ఊపు నక్షత్రం పైపొర అలజడి వల్లనే అయితే, ఆ గీత కూడా అదే లయలో మారాలి.

మూడున్నర. చలి పెరిగింది. తెర మీద సర్పధారి రాశిలోని న్యూ ఓఫియూకి. దాని చుట్టూ రెండు బ్రౌన్ డ్వార్ఫ్‌లు, ఒక్కొక్కటీ గురుగ్రహానికి 20 రెట్లకు పైనే. బయటిది ఒక చుట్టు తిరిగేలోపు లోపలిది ఆరు చుట్లు పూర్తి చేస్తుంది. వాటిని తేల్చడానికి ఏళ్ళు పట్టింది. ఎక్స్‌పోజర్ నడుస్తుండగా బయటికొచ్చి తలెత్తండి. నెత్తిన, కాస్త ఉత్తరంగా, నారింజ రంగులో గామా డ్రాకోనిస్ ఉంది. 1725లో జేమ్స్ బ్రాడ్లీ ఇంగ్లండులో దీన్నే చూస్తూ కూర్చున్నాడు. దూరం కొలవాలని కూర్చుంటే, దొరికింది భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందనడానికి తొలి ప్రత్యక్ష సాక్ష్యం.

2003 నుంచి దీని వేగాన్నీ కొలుస్తున్నారు. 702 రోజులకు ఒక చుట్టు, చక్కటి లయ. 2011 దాకా తప్పలేదు. గురుగ్రహానికి కనీసం 10.7 రెట్ల గ్రహమని లెక్క తేలింది. కాల్షియం గీతను అడిగారు, అలజడి లేదంది. గీతల ఆకారాన్ని అడిగారు, అదీ మారలేదు. సాక్షులంతా గ్రహం వైపే. 2011 తర్వాత ఊపు ఆగిపోయింది. 2014లో మళ్ళీ వచ్చింది, కానీ తాళం తప్పి. గ్రహమైతే రెండేళ్ళు మాయమై తిరిగిరాదు. ఎసరు తుకతుకలాడినట్టు నక్షత్రం లోపలి పొరలే ఇంత నెమ్మదిగా ఊగుతున్నాయేమోనని 2018లో హాట్జెస్ బృందం రాసింది. రోహిణికి 2015లో ప్రకటించిన 629 రోజుల గ్రహం మీద కూడా 2019లో అనుమానం రేగింది. ఈ గదిలో ఏళ్ళ తరబడి రాసిపెట్టిన అంకెలే ఆ అనుమానానికి ఒక ఆధారం.

ఇలాంటి చోట ఎనిమిదేళ్ళ కొలత కూడా చాలలేదు. కొత్త గ్రహం వార్త చదివిన ప్రతిసారీ, ఎన్నేళ్ళు చూశారని నేను ముందు అడుగుతాను. మీరూ అడగండి.

తూర్పు తెల్లబారుతోంది. గుమ్మటం తలుపులు మూసుకుంటున్నాయి. పునర్వసు సంగతి మరుసటి ఏడు, 2006లో తేలింది. 25 ఏళ్ళకు పైబడిన కొలతలు ఒకచోట పెట్టి చూస్తే ఆ లయ ఎక్కడా తప్పలేదు. మే నెలలో చీకటి పడ్డాక డాబా ఎక్కి పడమటి వైపు చూడండి. పక్కపక్కన రెండు చుక్కలు. ఎడమ వైపున, కాస్త నారింజ ఛాయలో, ఎక్కువ వెలుగుతున్నదానికి గ్రహం ఉంది. గురుగ్రహానికి కనీసం 2.3 రెట్లు.