హార్డ్ డిస్క్ పార్టిషన్ రీసైజ్: దోషాలు, సవరణల చరిత్ర

కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో ఇదివరకే ఉన్న పార్టిషన్‌ను, అందులోని ఫైళ్లు పోకుండా, తగ్గించడాన్నీ పెంచడాన్నీ పక్కకు జరపడాన్నీ పార్టిషన్ రీసైజ్ అంటారు. పార్టిషన్ హద్దులు రెండు చోట్ల రాసి ఉంటాయి. ఒకటి డిస్క్ మొదట్లో ఉండే పార్టిషన్ పట్టిక. రెండోది ఆ పార్టిషన్ లోపలి ఫైల్ సిస్టమ్. పాస్‌బుక్కులో ఒక విస్తీర్ణం, చేలో గట్టు ఇంకోచోట ఉన్నట్టుగా ఈ రెండింటికీ పొంతన కుదరనప్పుడే రీసైజ్ దోషాల్లో చాలావరకు తలెత్తుతాయి. అందుకే తగ్గించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్‌ను కుదించి ఆ తర్వాత పార్టిషన్ హద్దు జరుపుతారు. పెంచేటప్పుడు ముందు హద్దు, ఆపైన ఫైల్ సిస్టమ్. ఈ వరుస తప్పితే చివరి ఫైళ్లు హద్దు బయట పడిపోతాయి.

పట్టిక పుట్టుక

1983 మార్చిలో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్ ఉండేది. దానితోపాటు వచ్చిన పీసీ డాస్ 2.0లో ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రాం పార్టిషన్లను ఏర్పరచేది. ఒకే డిస్క్‌పై వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఇమడాలన్నది ఉద్దేశం. డిస్క్‌లోని మొదటి 512 బైట్ల సెక్టార్ చివర, ఒక్కొక్కటి 16 బైట్ల చొప్పున, నాలుగు పార్టిషన్ల వివరాలు పట్టేవి. ప్రతి వివరంలోనూ స్థానం రెండు రకాలుగా ఉండేది: సిలిండర్, హెడ్, సెక్టార్ లెక్కలో ఒకటి (సీహెచ్ఎస్), సెక్టార్లను వరసగా లెక్కించి ఇంకొకటి (ఎల్‌బీఏ). ఈ జంట లెక్క ఇరవై ఏళ్ల తర్వాత పెద్ద గొడవకు కారణమైంది.

ఎఫ్‌డిస్క్ పార్టిషన్‌ను సృష్టించగలదు, తొలగించగలదు, ఉన్నదాన్ని మార్చలేదు. 1987 నాటి డాస్ 3.3తో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్, అందులో గొలుసుగా లాజికల్ డ్రైవ్‌లు వచ్చినా పరిస్థితి మారలేదు. దాదాపు పదేళ్ల పాటు రీసైజ్ అంటే ఫైళ్లన్నీ ఫ్లాపీల్లోకో టేపులోకో ఎక్కించి, పార్టిషన్ తొలగించి, మళ్లీ చేసి, ఫార్మాట్ చేసి, తిరిగి నింపుకోవడమే.

ఫిప్స్

డాస్, విండోస్ ఉన్న కంప్యూటర్‌లోనే లినక్స్ కూడా పెట్టుకోవాలన్న ఉబలాటం 1990ల తొలి భాగంలో ఈ పద్ధతిని మార్చింది. ఆర్నో షేఫర్ రాసిన ఫిప్స్ అనే చిన్న డాస్ ప్రోగ్రాం, డాస్ వాడే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్‌ను, ఫైళ్లు చెక్కుచెదరకుండా, రెండుగా చీల్చేది. కచ్చితంగా చెప్పాలంటే అది రీసైజ్ చేసేది కాదు. పార్టిషన్ చివరి భాగం ఖాళీగా ఉంటే అక్కడ కొత్త హద్దు గీసేది, అంతే. ఫైళ్లను ముందుకు జరిపే పని డీఫ్రాగ్‌మెంటేషన్ ప్రోగ్రాందే.

చివరి సిలిండర్ ఖాళీగా లేదన్నది అందులో తరచుగా ఎదురైన దోషం. డీఫ్రాగ్ చేసినా ఇది పోకపోవడానికి కారణం ఇమేజ్, మిర్రర్ వంటి ప్రోగ్రాంలు డిస్క్ చివర దాచిపెట్టే ఫైళ్లు. వాటిని సిస్టమ్ ఫైళ్లుగా భావించి డీఫ్రాగ్ ముట్టుకునేది కాదు. ఆ ఫైళ్ల దాపరికపు లక్షణాన్ని తీసేసి, మళ్లీ డీఫ్రాగ్ చేసి, ఆ ప్రోగ్రాంలు తిరిగి మొదలుకాకుండా ఫ్లాపీతో కంప్యూటర్‌ను బూట్ చేసి ఫిప్స్ నడపడం దీనికి పరిష్కారం. హద్దు మార్చేముందు పాత రూట్ సెక్టార్‌నూ బూట్ సెక్టార్‌నూ ఫ్లాపీలో దాచుకోమని ఫిప్స్ అడిగేది. కీడు జరిగితే వాటిని తిరిగి రాయడానికి వేరే చిన్న ప్రోగ్రాం కూడా జతగా వచ్చేది. 

పార్టిషన్‌మ్యాజిక్

అమెరికాలోని యూటా రాష్ట్రం, ఓరెమ్ పట్టణానికి చెందిన పవర్‌క్వెస్ట్ సంస్థ 1995లో పార్టిషన్‌మ్యాజిక్‌ను విడుదల చేసింది. మౌస్‌తో పట్టుకుని లాగితే పార్టిషన్ పరిమాణం మారే సౌకర్యాన్ని సాధారణ వినియోగదారుకు అందించింది ఇదే. అమ్మకాలకు అసలు ఊతం మాత్రం ఫ్యాట్16 దుబారా నుంచి వచ్చింది. 2 గిగాబైట్ల పార్టిషన్‌లో క్లస్టర్ (ఒక ఫైల్‌కు కేటాయించే కనీస చోటు) 32 కిలోబైట్లు కావడంతో ఒక కిలోబైట్ ఉత్తరానికి కూడా అంత చోటూ పోయేది. పార్టిషన్లను చిన్నవి చేసుకుంటే ఆ వృథా తగ్గేది.

ఈ ప్రోగ్రాం దోషాలకు అంకెలు పెట్టింది. వాటిలో 1516వ సంఖ్య, విండోస్ పార్టిషన్‌ను సరిగ్గా మూసివేయలేదని సూచించేది. చెక్‌డిస్క్ నడిపి, మామూలుగా షట్‌డౌన్ చేస్తే తొలగేది. 116 అంత తేలికైనది కాదు. పట్టికలోని సీహెచ్ఎస్ లెక్క, ఎల్‌బీఏ లెక్క ఒకే సెక్టార్‌ను చూపడం లేదని దాని అర్థం. సరిచేయమంటారా అని ప్రోగ్రామే అడిగేది. కంప్యూటర్‌ను మొదలుపెట్టే బయోస్ ప్రోగ్రాం మరో జ్యామితిని (హెడ్లు, సెక్టార్ల లెక్కను) వాడుతున్నచోట ‘అవును’ అనడం ప్రమాదకరం. అంతకుముందు బూట్ అవుతున్న విండోస్ ఆగిపోయే అవకాశం ఉంది. పట్టిక ప్రతిని తీసి ఉంచుకోకుండా దీన్ని ముట్టుకోకూడదు.

మార్పుల చిట్టా సిద్ధమయ్యాక కంప్యూటర్ పునఃప్రారంభమై, విండోస్ పైకి రాకముందే పని జరిగేది. పార్టిషన్ మొదలు హద్దును జరపాలంటే డేటా మొత్తం సెక్టార్ తర్వాత సెక్టార్‌గా కదలాలి. గంటలు పట్టే ఆ పని మధ్యలో కరెంటు పోతే సగం డేటా పాత చోట, సగం కొత్త చోట మిగిలేది. ఏ దోష సంఖ్యా అప్పుడు అక్కరకు రాదు.

లినక్స్ ఎక్స్‌ట్2 ఫైల్ సిస్టమ్‌ను రీసైజ్ చేసే ప్రోగ్రాంను థియడోర్ త్సో పవర్‌క్వెస్ట్ కోసమే రాశారు. తర్వాత అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా బయటికి వచ్చింది. ఫైల్ సిస్టమ్‌ను ఇటీవల తనిఖీ చేసి ఉండకపోతే అది పని మొదలుపెట్టదు. ముందు తనిఖీ చేసి రమ్మంటుంది. 2003లో పవర్‌క్వెస్ట్‌ను సిమాంటెక్ కొనుగోలు చేసింది. పార్టిషన్‌మ్యాజిక్ విండోస్ విస్టాకు అనువుగా మారకుండానే 2009 చివరికి అమ్మకం నుంచి తప్పుకుంది.

ఎన్‌టీఎఫ్ఎస్‌రీసైజ్, పార్టెడ్

ఆండ్రూ క్లాసెన్, లెన్నర్ట్ బాయ్‌టెన్‌హెక్ 1999లో గ్నూ పార్టెడ్‌ను ప్రారంభించారు. దానికి తెరపై బొమ్మలతో పనిచేసే రూపం జీపార్టెడ్ 2004లో వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ వ్యాపించాక అది వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్‌ను తగ్గించలేకపోవడం పార్టెడ్‌కు పెద్ద లోటైంది. హంగరీకి చెందిన సాబోల్చ్ సాకాచిట్స్ 2002లో రాసిన ఎన్‌టీఎఫ్ఎస్‌రీసైజ్ ఆ లోటును తీర్చింది. ఎన్‌టీఎఫ్ఎస్ లోపలి నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ బయటపెట్టని రోజుల్లో, లినక్స్ నుంచి ఆ ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైల్ రాయడమే సాహసమైనప్పుడు, ఇంత నమ్మకంగా పనిచేసిన ప్రోగ్రాం రావడం విశేషం.

దాని బలం అతి జాగ్రత్త. ఏ ఫైల్‌కు ఏ క్లస్టర్లు చెందాయో అన్నీ తానే లెక్కవేసి, ఎన్‌టీఎఫ్ఎస్ పెట్టుకున్న చిట్టాతో సరిచూస్తుంది. ఒక్క క్లస్టర్ తేడా వచ్చినా లెక్క కుదరలేదని చెప్పి ఆగిపోతుంది. డిస్క్‌పై ఏమీ రాయకుండా ఉత్తుత్తిగా నడిపి చూసే వీలూ ఉంది. పార్టిషన్‌పై తనిఖీ బాకీ ఉందని విండోస్ గుర్తు పెట్టి ఉంటే, చెక్‌డిస్క్ నడిపి విండోస్‌ను రెండుసార్లు రీబూట్ చేయమంటుంది. రెండు అన్న మాటను పెద్ద అక్షరాల్లో రాసిన ఆ సందేశాన్ని పట్టించుకోక ఒకసారితో సరిపెట్టినవారికి అదే దోషం తిరిగి కనిపించేది. పని ముగిశాక కూడా పార్టిషన్‌ను తనిఖీకి గుర్తుపెట్టి వదులుతుంది. తర్వాత విండోస్ నీలి తెరపై చెక్‌డిస్క్ నడవడం చూసి డేటా పోయిందని కంగారుపడేవారు. నిజానికి అది ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటు.

2004 నాటి గందరగోళం

లినక్స్ కెర్నెల్ 2.6, డిస్క్ జ్యామితి విషయంలో బయోస్ చెప్పే లెక్కను పట్టించుకోవడం మానేసింది. కెర్నెల్ చెప్పిందే నిజమని నమ్మిన పార్టెడ్, పార్టిషన్ పట్టికను తిరిగి రాసేటప్పుడు సీహెచ్ఎస్ లెక్కలను కొత్త జ్యామితి ప్రకారం మార్చేసింది. అంతవరకు 255 హెడ్ల లెక్కలో ఉన్న పట్టిక కొన్ని కంప్యూటర్లలో 16 హెడ్ల లెక్కకు మారింది. 2004 మేలో విడుదలైన ఫెడోరా కోర్ 2ను విండోస్ ఎక్స్‌పీ పక్కన పెట్టుకున్న చాలామందికి విండోస్ బూట్ కాలేదు. అదే కెర్నెల్‌తో వచ్చిన సూసే, మాండ్రేక్‌లలోనూ ఈ ఫిర్యాదు వినిపించింది.

ఎల్‌బీఏ లెక్క చెక్కుచెదరనందువల్ల లినక్స్ ఆ విండోస్ పార్టిషన్‌ను మామూలుగానే చదవగలిగింది. ఫైళ్లన్నీ ఉన్నాయి. సీహెచ్ఎస్‌ను నమ్మి బయోస్‌ను అడిగే విండోస్ బూట్ కోడ్ మాత్రం తప్పు చోటికి వెళ్లేది. దోషం అర్థమయ్యాక సవరణ చిన్నదే. బయోస్‌లో డిస్క్ విధానాన్ని ఆటో నుంచి ఎల్‌బీఏకు మార్చితే కొందరికి సరిపోయింది. మిగిలినవారు ఎస్‌ఎఫ్‌డిస్క్ అనే లినక్స్ ప్రోగ్రాంతో పట్టికను పాఠంగా దించుకుని, 255 హెడ్లుగా పేర్కొంటూ మళ్లీ రాయించారు. విషయం తెలియక విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఫైళ్లు పోగొట్టుకున్నవారికే అసలు నష్టం.

మన దేశంలో ఈ ప్రోగ్రాంలు ఎక్కువగా పత్రికలతో వచ్చే సీడీల ద్వారా ఇళ్లకు చేరాయి. పీసీక్వెస్ట్ లినక్స్ సీడీలు ఇందుకు పేరుపొందాయి. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఇంజినీరింగ్ కళాశాలల్లో లినక్స్‌ను ప్రచారం చేసింది. విండోస్ పక్కన దాన్ని పెట్టుకోవాలంటే ముందు పార్టిషన్ తగ్గించాల్సి వచ్చేది. అసెంబుల్ చేసి ఇచ్చే దుకాణాల్లో డిస్క్‌ను సి, డి, ఇ అని కోయడం ఆనవాయితీ. సి డ్రైవ్‌కు తక్కువ చోటు కేటాయించడంతో ‘సి నిండిపోయింది, డిలో ఖాళీ ఉంది’ అన్నది తెలుగునాట రీసైజ్‌కు అతి సాధారణ కారణమైంది.

విస్టా తర్వాత

2007లో విస్టా డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ష్రింక్, ఎక్స్‌టెండ్ సౌకర్యాలు చేర్చింది. ఎంతో ఖాళీ ఉన్నా కొద్దిపాటి చోటే తగ్గించనివ్వడం దానిపై తరచుగా వచ్చే ఫిర్యాదు. పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, సిస్టమ్ రీస్టోర్ ప్రతులు వంటి కదలని ఫైళ్లు దారిలో ఉండడమే కారణం. అడ్డుపడిన చివరి ఫైల్ పేరు ఈవెంట్ వ్యూయర్ అప్లికేషన్ చిట్టాలో 259వ సంఖ్య కింద కనిపిస్తుంది. వాటిని తాత్కాలికంగా ఆపి, కుదించి, మళ్లీ ప్రారంభించడం సవరణ.

విస్టా పార్టిషన్ మొదలును 63వ సెక్టార్ నుంచి 2048వ సెక్టార్‌కు మార్చింది. ఇలా చేసిన ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ను ఎక్స్‌పీ డిస్క్ మేనేజ్‌మెంట్‌తో సవరిస్తే లాజికల్ డ్రైవ్‌లు మాయమయ్యేవి. ఇటువంటి సందర్భాల్లో క్రిస్టోఫ్ గ్రెనియర్ రాసిన టెస్ట్‌డిస్క్ డిస్క్ అంతా గాలించి, మిగిలిన బూట్ సెక్టార్ల ఆనవాళ్ల నుంచి పట్టికను పునర్నిర్మిస్తుంది. 2012లో వచ్చిన విండోస్ 8 ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ కూడా సగం హైబర్నేషనే అయింది. అలాంటి పార్టిషన్‌ను రీసైజ్ చేయడానికి లినక్స్ ఉపకరణాలు నిరాకరిస్తాయి. షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ చేస్తే అడ్డంకి తొలగుతుంది. మ్యాక్ కంప్యూటర్లలో విండోస్ పెట్టుకునేందుకు 2006లో వచ్చిన బూట్ క్యాంప్, నడుస్తున్న డిస్క్‌నే చీల్చగలిగింది.

జీపీటీ, వర్చువల్ డిస్క్‌లు

పాత పట్టిక 2 టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది. దాని స్థానంలో వచ్చిన జీపీటీ పట్టికకు మామూలుగా 128 పార్టిషన్లు పడతాయి. తన ప్రతిని డిస్క్ చివర దాచుకుంటుంది, సీఆర్‌సీ లెక్కతో సరిచూసుకుంటుంది. పట్టికను కాపాడే ఈ ప్రతే క్లౌడ్ సర్వర్లలో కొత్త హెచ్చరికకు దారితీసింది. వర్చువల్ డిస్క్‌ను పెంచగానే పాత ‘చివర’ మధ్యలో మిగిలిపోతుంది. మొత్తం చోటు వాడుకోవడం లేదు, సరిచేయాలా అని పార్టెడ్ అడుగుతుంది. ఇక్కడ సరిచేయమనడమే సరైనది. ఆ తర్వాత పార్టిషన్‌ను, అటుపై ఫైల్ సిస్టమ్‌ను పెంచుతారు. ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌ను పెంచడమే వాడుకలో ఉంది. తగ్గించాలంటే బ్యాకప్ తీసి కొత్తగా చేసుకోవాలి.

విండోస్‌లో ఎక్స్‌టెండ్ సౌకర్యం పార్టిషన్‌కు కుడివైపు ఆనుకుని ఉన్న ఖాళీనే కలుపుకుంటుంది. మధ్యలో విండోస్‌ను బాగుచేసే ఉపకరణాలుండే రికవరీ పార్టిషన్ ఉంటే ఆ బటన్ పనిచేయదు. ఇదే రికవరీ పార్టిషన్ 2024 జనవరి 9న మరో విధంగా వార్తకెక్కింది. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ రక్షణలోని ఒక లోపాన్ని పూడ్చడానికి విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ పంపిన కేబీ5034441 అప్‌డేట్, రికవరీ పార్టిషన్‌లో చోటు చాలని కంప్యూటర్లలో విఫలమైంది. చోటు చాలలేదని చెప్పాల్సిన చోట 0ఎక్స్80070643 అనే సాధారణ దోష సంఖ్య చూపించి గందరగోళం పెంచింది. మైక్రోసాఫ్ట్ సూచించిన సవరణ ప్రకారం వినియోగదారు ముందు రికవరీ వ్యవస్థను నిలిపివేయాలి. డిస్క్‌పార్ట్ అనే విండోస్ ఉపకరణంతో విండోస్ పార్టిషన్‌ను 250 మెగాబైట్లు తగ్గించి, పాత రికవరీ పార్టిషన్‌ను తొలగించి, పెద్దదాన్ని సృష్టించి, వ్యవస్థను తిరిగి ప్రారంభించాలి. ఈ సవరణను దానంతటదే చేసే అప్‌డేట్ రాబోదని సంస్థ తర్వాత ప్రకటించింది.