స్ట్రేస్ పుట్టుపూర్వోత్తరాలు

లినక్స్ మీద పనిచేసే మనవాళ్ళలో స్ట్రేస్ పేరు విననివారు తక్కువ. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవారు ఇంకా తక్కువ.

ముందు అదేం చేస్తుందో చెప్తాను. ఏ ప్రోగ్రామూ సొంతంగా ఫైలు తెరవలేదు, కెర్నెల్‌ను అడగాలి. ఆ అడగడమే సిస్టం కాల్. ప్రోగ్రామ్ ఏమడిగింది, కెర్నెల్ ఏం జవాబిచ్చింది అన్నది స్ట్రేస్ వరసగా చూపిస్తుంది. సోర్స్ కోడ్ అక్కర్లేదు.

మూలం 1975 నాటి ఆరవ ఎడిషన్ యునిక్స్‌లో ఉంది. డీబగ్గర్లు వేరే ప్రాసెస్‌ను ఆపి దాని మెమరీ చూడడానికి అందులో పీట్రేస్ అనే సిస్టం కాల్ పెట్టారు. తరవాత సన్ కంపెనీవారి సన్‌ఓఎస్‌లో ట్రేస్ అనే పనిముట్టు వచ్చింది. దాన్ని చూసి 1991లో పాల్ క్రానెన్‌బర్గ్ సన్‌ఓఎస్ కోసమే స్ట్రేస్ రాసి, సోర్స్‌తో సహా అందరికీ ఇచ్చేశాడు. నా లెక్కలో అసలు మలుపు ఇదే. సోర్స్ చేతిలో ఉండబట్టే బ్రాంకో లాంకెస్టర్ దాన్ని లినక్స్‌కు తేగలిగాడు. అందుకు కెర్నెల్‌లో కావలసిన ఏర్పాటూ ఆయనే రాశాడు. 1993లో రిక్ స్లాడ్కీ ఆ రెండు పాయలనూ కలిపాడు. సిస్టం ఫైవ్ రిలీజ్ 4లో ట్రస్ అని రోజర్ ఫాక్నర్ రాసిన పనిముట్టు ఉండేది. దాని సదుపాయాలు కొన్ని కూడా స్లాడ్కీ ఇందులో చేర్చాడు. సన్‌ఓఎస్ పోయింది, దాని ట్రేస్ పోయింది. దాన్ని చూసి రాసిన స్ట్రేస్ మాత్రం నిలిచింది. 2009 నుంచి దాని బాధ్యత దిమిత్రీ లెవిన్‌ది.

ఇక్కడ లండన్‌లో (ఇంగ్లండు కాదండోయ్, ఒంటారియో! థేమ్స్ నది మాకూ ఉంది) మేము కొన్న ఒక సాఫ్ట్‌వేర్ మొదలవగానే మాటాపలుకూ లేకుండా ఆగిపోయేది. రెండు రోజుల్లో కస్టమర్‌కు అప్పగించాలి. అమ్మినవారేమో మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి అనడమే. స్ట్రేస్ పెట్టి చూస్తే, లైసెన్సు ఫైలును మా మెషీన్‌లో లేని డైరెక్టరీలో వెతుకుతోంది! కెర్నెల్ "అలాంటి ఫైలు లేదు" అంటోంది, ప్రోగ్రామ్ ఆ మాట మింగేస్తోంది. డైరెక్టరీ సృష్టించి ఫైలు అందులో పెట్టాం, పని జరిగిపోయింది.

కొత్తగా వాడేవారికి రెండు జాగ్రత్తలు. పీట్రేస్ ప్రతి సిస్టం కాల్ దగ్గరా ప్రాసెస్‌ను లోపలికి వెళ్ళేటప్పుడొకసారి, బయటికొచ్చేటప్పుడొకసారి ఆపుతుంది. కాబట్టి రద్దీగా ఉన్న సర్వర్ మీద పెడితే నత్తనడకే. ఇక ప్రోగ్రామ్ చదివిన, పంపిన అక్షరాలు కూడా ఆ జాబితాలో పడతాయి. దాన్ని బయటివారికి పంపేముందు పాస్‌వర్డులేమైనా ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.