అడుగున ఒక రంధ్రం

2008లో మా అమ్మ హోసూరు దగ్గరి పల్లె వదిలి బెంగళూరులోని మా ఫ్లాటుకు వచ్చింది. వెంట తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, ఒక తమలపాకు తీగ. పెళ్లయిన కొత్తలో పుట్టింటి నుంచి ఒక కణుపు తెచ్చి బావి దగ్గర నాటిందట. అది అల్లుకున్న తరువాత మా ఇంట్లో ఏ శుభకార్యానికీ ఆకు బజారులో కొన్నది లేదు.

ఫ్లాటులో దాన్ని దేంట్లో పెట్టాలి? నాకు బదిలీ అయినప్పుడు సిబ్బంది బహూకరించిన పింగాణీ జాడీ ఒకటి ఉండేది. నీలం పూలతో హాలుకే అందం తెచ్చేది. అడుగున రంధ్రం లేదు. గచ్చు మీద నీళ్లు కారవు, మంచిదే అనుకుని తీగను అందులో నాటాను. నెలన్నర తిరిగేసరికి ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోశాను. చివరికి మొదలు పట్టుకుంటే మెత్తగా చేతికి ఊడివచ్చింది. మట్టి మురుగు వాసన వేసింది. అమ్మ కోప్పడలేదు. "బొక్క లేని తొట్టిలో పోసిన నీళ్లు యాడికి పోతాయిరా నాయనా?" అని మాత్రం అనింది.

బి.కాం. చదివి, బ్యాంకులో జమాఖర్చులు చూస్తూ వచ్చినవాణ్ణి. జమే తప్ప ఖర్చు లేని ఖాతా ఎలా ఉంటుందో ఆ జాడీ చూపించింది. తొట్టికి రంధ్రం ఉండాలని మనిషి ఎప్పుడు గ్రహించాడో తెలుసుకోవాలని సెలవు రోజుల్లో పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను.

సుమారు 3,500 ఏళ్ల కిందట ఈజిప్టు రాణి హత్షెప్సూత్ పుంట్ దేశం నుంచి ధూపద్రవ్యాలిచ్చే చెట్లను వేళ్లతో సహా ఓడల్లో తెప్పించింది. ఆ చెట్లను బుట్టల్లో ఉంచి, కర్రలకు వేలాడదీసి మోసుకుపోతున్న మనుషుల శిల్పాలు దైర్ ఎల్ బహ్రీలోని ఆమె ఆలయం గోడల మీద ఉన్నాయి. బుట్టకు ప్రత్యేకంగా రంధ్రం పెట్టనక్కరలేదు. అల్లికలో ప్రతి సందూ రంధ్రమే. నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది.

కుండ విషయానికి వస్తే, క్రీ.పూ. 2వ శతాబ్దపు రోమన్ రచయిత కేటో తన వ్యవసాయ గ్రంథంలో అంటుకట్టే పద్ధతి చెబుతూ అడుగున చిల్లి ఉన్న కుండ వాడమన్నాడు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన పాంపేయి తోటల్లో అలాంటి చిల్లుల కుండలు తవ్వకాల్లో బయటపడ్డాయి. అంటే నేను చేసిన తప్పుకు మందు రెండువేల ఏళ్ల కిందటే తెలుసు.

ఇంట్లోకి మొక్క రావడం వేరే కథ. ఐరోపా చలికి నారింజ బతకదు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ వెర్సాయిలో 1684 - 86 మధ్య పెద్ద నారింజశాల కట్టించాడు. శీతాకాలం చెట్లన్నీ లోపల, వేసవిలో బయట. అలా మోయడానికి వీలుగా చతురస్రపు చెక్కపెట్టెలు వాడారు. వాటి పక్క పలకలు తెరుచుకునేవి, వేళ్లను చూసి కత్తిరించడానికి.

ఇంగ్లండులో మట్టితొట్ల లెక్క నాబోటివాడికి తమాషాగా ఉంటుంది. ఒక మోతాదు బంకమట్టితో ఎన్ని తొట్లు వస్తే ఆ అంకే తొట్టి పేరు. '60' అంటే సుమారు మూడంగుళాలది, '48' అంటే ఐదంగుళాలకు దగ్గరిది. అంకె పెరిగేకొద్దీ తొట్టి చిన్నదవుతుంది!

రంధ్రం లేకుండా మొక్క బతికిన ముచ్చట కూడా చెప్పాలి. 1829లో లండన్ వైద్యుడు నతానియల్ వార్డ్ ఒక పురుగు గూటిని తడిమట్టి మీద ఉంచి సీసాలో మూతపెట్టాడు. ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలకెత్తింది. నగరపు బొగ్గుపొగలో ఆయన తోటలో బతకని మొక్క సీసాలో బతికింది. ఆకులనుంచి లేచిన ఆవిరి గాజుకు తగిలి మళ్లీ మట్టిలోకే దిగుతుంది. పైనుంచి ఎవరూ కొత్తగా పోయరు కనుక కిందినుంచి పోవలసిన పనీ లేదు. 1833లో అలాంటి రెండు గాజుపెట్టెలు లండన్ నుంచి సిడ్నీ దాకా ఓడలో వెళ్లాయి, మొక్కలు బతికాయి. 1848 తరువాత చైనా తేయాకు మొక్కలు మన దేశానికి వచ్చింది వీటిలోనే. మనకు దగ్గరలోని ఊటీకి సింకోనా వచ్చిందీ వీటిలోనే. అయితే 1860లో వచ్చిన మొదటి విడత ఎర్రసముద్రపు వేడికి దెబ్బతిని చనిపోయింది. 1861లో వచ్చిన ఎర్రబెరడు రకం నీలగిరుల్లో నిలదొక్కుకుంది. పెట్టె ఎంత మంచిదైనా మార్గం చూసుకోవాలి కదా.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ప్లాస్టిక్ తొట్టి వచ్చింది. తేలిక, చౌక, పగలదు. మరి ఇంట్లోకి ఏది మేలు? కాల్చిన మట్టితొట్టి గోడలకు సన్నటి రంధ్రాలుంటాయి, తేమ పక్కలనుంచి కూడా ఆరుతుంది. నాలాగా చేతికి చెంబు దొరికితే ఆగలేనివారికి అదే దిక్కు. ప్లాస్టిక్కు, పింగాణీ తడిని పట్టి ఉంచుతాయి. నీళ్లు పోయడం మరిచిపోయేవారికి అవి నయం, అడుగున రంధ్రం ఉంటేనే సుమా. ఎండ తగలని గదిలో మట్టి త్వరగా ఆరదని గుర్తుంచుకోవాలి. కింద పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి.

అడుగున గులకరాళ్లు పోస్తే సరిపోతుందని చాలామంది అంటారు. నేనూ పోశాను. అది సరికాదు. తడిపిన స్పంజిని అడ్డంగా పడుకోబెట్టి, నీరు కారడం ఆగాక నిలువుగా నిలబెట్టి చూడండి, ఇంకొంత కారుతుంది. మట్టి కూడా స్పంజి వంటిదే. ఎంత కారినా అడుగున కొంత తడి నిలుస్తుంది. రాళ్లు పోస్తే ఆ తడిపొర పైకి జరిగి వేళ్లకు దగ్గరవుతుంది. అందుకే వెడల్పు తొట్టి కంటే లోతు తొట్టిలో వేళ్లకు గాలి ఎక్కువ. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్క చాలు. మొక్క పెరిగితే ఒకటి రెండు అంగుళాలు పెద్దదానికే మార్చాలి. చిన్న మొక్కకు పెద్ద తొట్టి ఇస్తే వేళ్లు అందని మట్టి తడిగానే ఉండిపోతుంది.

తీగ పోయింది గదా అనుకున్నాను. కానీ అమ్మ ఎప్పుడో పల్లెలో పక్కింటివాళ్లకు ఒక కణుపు ఇచ్చి ఉండింది. పోయి అడిగితే, వాళ్లు రెండు కణుపులు తడిగుడ్డలో చుట్టి ఇచ్చారు. ఈసారి తొట్టి కుమ్మరి దగ్గర అమ్మే ఎంచింది. వేలితో తట్టి ఖంగుమంటేనే తీసుకుంది. తూర్పు కిటికీ దగ్గర పెట్టాం. తీగ దబ్బ పట్టుకుని పాకింది. పింగాణీ జాడీలో ఇప్పుడు గొడుగులు పెడుతున్నాం.

అమ్మ పోయి ఆరేళ్లయింది. మా అమ్మాయి ఉద్యోగానికి పుణె పోతూ తనకూ ఒక కణుపు కావాలంది. తొట్టి అక్కడే కొనుక్కుంటానంది. వారం తరువాత ఫోను చేసి మొదట చెప్పిన మాట: "తిరగేసి చూసే కొన్నాను నాయనా, బొక్క ఉంది."